అంబాసిడర్‌కు పుల్లీ, బెల్టు: తక్కువ ఖర్చులో కుదిరిన జత

మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో రెండేళ్లుగా విప్పుతూ బిగిస్తూ వస్తున్న అంబాసిడర్ మార్క్ 4కు, కిందటి వేసవిలో బ్యాటరీని ఛార్జి చేసే పాత డైనమో తీసేసి, అదే పని చేసే ఆల్టర్నేటర్ పెట్టాలని నిశ్చయించుకున్నాను. 1489 సి.సి. పెట్రోలు ఇంజను ఆరోగ్యంగానే ఉంది. కానీ రాత్రివేళ విజయనగరం కోట జంక్షన్‌లో బండి ఆగినప్పుడల్లా హెడ్‌లైట్లు కిరసనాయిలు దీపాల్లా ఎర్రబడేవి. అది డైనమో స్వభావమే. కమ్యుటేటర్ అనే రాగి చుట్టు మీద, కరెంటు అందుకునే బ్రష్‌లు రాసుకుంటూ తిరిగే ఆ యంత్రం అతివేగాన్ని తట్టుకోలేదు గనుక దానికి పెద్ద పుల్లీ, అంటే బెల్టు తిప్పే గాడి చక్రం, వేసి నెమ్మదిగా తిప్పుతారు. అందువల్ల బండి ఆగి ఇంజను నిలకడ (ఐడిల్) మీద ఉన్నప్పుడు అది బ్యాటరీకి ఇచ్చేది దాదాపు శూన్యం. ఆల్టర్నేటర్‌కు ఆ బలహీనత లేదు. చిన్న పుల్లీతో వేగంగా తిప్పవచ్చు.

పాత సామాను కొట్టులో ఒంటి గాడి పుల్లీ ఉన్న మారుతి ఆల్టర్నేటర్ 1,700 రూపాయలకు దొరికింది. దాని పుల్లీ అంచులు తుప్పుతో తినేసి ఉన్నందున కొత్తది కావలసి వచ్చింది. నేను పొరపాటు చేసింది ఇక్కడే. ముందు పుల్లీ చూసుకుందాం, బెల్టుదేముంది, ఏదో ఒకటి దొరుకుతుందిలే అనుకున్నాను.

మొదట కళ్లు వెళ్లింది మెరిసే అల్యూమినియం పుల్లీల సెట్టు మీదకు. తేలికగా ఉంటాయి, నీటి పంపును కాస్త నెమ్మదిగా తిప్పి ఇంజనుకు భారం తగ్గిస్తాయి అని వాటి గొప్ప. పందెం బండికి అది సరే. అంబాసిడర్‌లో రేడియేటర్ వెనకున్న ఫ్యాను నీటి పంపు పుల్లీకే బిగించి ఉంటుంది. పంపు నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదిస్తుంది. మే నెల మధ్యాహ్నం, పైడితల్లి అమ్మవారి గుడి వీధిలో ఆటోల వెనక నిలబడ్డ బండికి కావలసింది ఎక్కువ గాలి గానీ తక్కువ గాలి కాదు. పైగా మా దుమ్ముకు మెత్తటి అల్యూమినియం గాడి ఇనుము కన్నా త్వరగా అరుగుతుంది. ఆ ఆలోచన అక్కడితో ఆగింది.

రెండోది, ఈనాటి కార్లలో ఉండే, పొడవునా సన్నటి గాళ్లున్న పక్కటెముకల బెల్టు, అంటే పాలీ వీ. ఆరు గాళ్ల బెల్టు వెడల్పు సుమారు 21 మిల్లీమీటర్లు. గాడికీ గాడికీ మధ్య దూరం 3.56 మిల్లీమీటర్లు. పలుచగా ఉంటుంది కాబట్టి చిన్న పుల్లీ మీద కూడా హాయిగా వంగుతుంది. మంచిదే, కాదనను. అయితే దానికి ఇంజను ఇరుసు మీదుండే క్రాంకు పుల్లీ, పంపు పుల్లీ, ఆల్టర్నేటర్ పుల్లీ మూడూ మార్చాలి, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ ఒకటి ఎక్కడో ఇరికించాలి, మూడు పుల్లీలనూ ఒకే తలంలో మరింత కచ్చితంగా నిలపాలి. నా లెక్కలో ఆ ఖర్చు ఆల్టర్నేటర్ ధరకు నాలుగింతలు దాటింది. V ఆకారపు గాడిలో కూర్చునే పాత వీ బెల్టు పద్ధతితోనే సరిపెట్టుకోవాలని తేల్చుకుని, లారీ పనులకు పేరుపడిన సాలూరుకు రామభద్రపురం మీదుగా బస్సెక్కి, తెలిసినవాళ్లు చెప్పిన లేతు షాపుకు వెళ్లాను.

టర్నరు గారు పెద్దాయన. నా కాగితం మీది బొమ్మ చూసి, "బెల్టేదండీ మాస్టారూ? బెల్టు చూపించకుండా గాడి కోసీమంటే ఎలాగ?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. అక్కడి బజారులోనే పిండి మిల్లుల సామాను అమ్మే కొట్టుకు వెళ్లి, 13 మిల్లీమీటర్ల వెడల్పు చూసి, ఆ కొలతకు 'ఏ' (A) సెక్షన్ అని పేరున్న బెల్టు ఒకటి పట్టుకొచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేళ్ల మధ్య వంచి చూసి, పెదవి విరిచి, సరే అన్నారు. ఆ పెదవి విరుపు అర్థం నాకు మూడు వారాల తర్వాత తెలిసింది.

ముందు పుల్లీ సంగతి. బెల్టు కూర్చునే చోట కొలిస్తే క్రాంకు పుల్లీ వ్యాసం 124 మిల్లీమీటర్లు వచ్చింది. ఆల్టర్నేటర్‌కు 64 పెడితే నిష్పత్తి 1.94. నిలకడలో ఇంజను నిమిషానికి 750 చుట్లు తిరిగితే ఆల్టర్నేటర్ 1,450 చుట్లు తిరుగుతుంది, ఛార్జింగు మొదలవడానికి అది చాలు. రోడ్డు మీద ఇంజను 4,000కు చేరినా ఆల్టర్నేటర్ 7,760 దగ్గరే ఉంటుంది, ఇబ్బంది లేదు. ఇంకా చిన్న పుల్లీ వేస్తే నిలకడలో ఛార్జింగు పెరుగుతుంది గానీ, బెల్టు చుట్టుకునే వంపు తగ్గి, జారడం మొదలవుతుంది. చిన్న పుల్లీని బెల్టు కనీసం 120 డిగ్రీల మేర చుట్టుకుని ఉంటే మంచిది.

గాడి కోణం విషయంలో టర్నరు గారి పనితనం చూడవలసిందే. వీ బెల్టు పక్కల మధ్య కోణం 40 డిగ్రీలు. కానీ చిన్న పుల్లీ మీద వంగినప్పుడు దాని లోపలి భాగం నొక్కుకుపోయి ఉబ్బుతుంది, ఆ కోణం తగ్గుతుంది. అందుకని ఆయన గాడిని 36 డిగ్రీలకే కోశారు. బెల్టు లాగేది పక్కల ఒరిపిడితోనే. గాడి అడుగును తాకిందంటే పక్కలకు పట్టు పోయి జారుతుంది. నా పాత క్రాంకు పుల్లీ గాడి అడుగు అద్దంలా మెరుస్తుంటే ఎప్పటినుంచో నునుపు బాగుందని సంబరపడ్డాను, అది అరుగుదల గుర్తు అని ఆయనే చెప్పారు. దానికీ పైపైన ఒక కోత వేశారు. మైల్డ్ స్టీలు దిమ్మ, కోత కూలి కలిపి 900 తీసుకున్నారు.

ఇక పెదవి విరుపు. పిండి మిల్లు బెల్టు ఇరవై రోజులకే లోపలివైపు అడ్డంగా బీటలు వారి, ఉదయం స్టార్టు చేయగానే వీధి అంతా వినబడేలా అరవసాగింది. చుట్టూ గుడ్డ చుట్టి చేసే ఆ రకం 'ఏ' సెక్షన్ బెల్టుకు కనీసం 75 మిల్లీమీటర్ల పుల్లీ కావాలి. నాది 64. దానికి తోడు ఇంజను వేడి. అమ్మినవాడి తప్పు లేదు, నేనే అడగలేదు. అదే 13 మిల్లీమీటర్ల వెడల్పులో, లోపల పళ్లు కోసి ఉండే వాహనాల బెల్టు తెచ్చాక ఆ గొడవ తీరింది.

పొడవు దగ్గర ఇంకొక మెలిక ఉంది. మిల్లు బెల్టు మీద ఏ-36 అని ఉంటే అది లోపలి చుట్టుకొలత, అంగుళాల్లో. కార్ల బెల్టు మీద 13 తర్వాత ఉండే అంకె మాత్రం బయటి చుట్టుకొలత, మిల్లీమీటర్లలో. రెండింటికీ 50 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. నేను ఆల్టర్నేటర్‌ను బ్రాకెట్టు గాడికి నడుమ నిలిపి, మూడు పుల్లీల అంచుల మీదుగా కుట్టుపని టేపు చుట్టి కొలుచుకుని, దానికి దగ్గరగా ఉన్న కొలతనే తెచ్చాను. విజయనగరంలో అయినా చీపురుపల్లిలో అయినా స్పేర్ పార్టుల కొట్టులో నిలబడి అడిగితే ఇచ్చే కొలత కావడం నాకు పుల్లీ నాణ్యత అంత ముఖ్యం.

బిగింపుకే ఒక పూట పట్టింది. పంపు పుల్లీకి, క్రాంకు పుల్లీకి ఉక్కు స్కేలు ఆనిస్తే ఆల్టర్నేటర్ 3 మిల్లీమీటర్లు వెనక్కి ఉన్నట్టు తేలింది. పుల్లీల మధ్య ఒక్కో అడుగు దూరానికి ఆ తేడా ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. రెండు వాషర్లు సర్ది ముందుకు తెచ్చాను. రెండు పుల్లీల మధ్య బెల్టు పొడవుగా ఉన్న భాగాన్ని నడుమ బొటనవేలితో నొక్కితే 10 నుంచి 12 మిల్లీమీటర్లు దిగేలా బిగించాను. అరుపు భయంతో ఇంకా లాగితే పంపు బేరింగు పోతుంది. 150 కిలోమీటర్లు నడిచాక బెల్టు కాస్త సాగింది, మళ్లీ ఒకసారి లాగవలసి వచ్చింది.

ఇప్పుడు హెడ్‌లైట్లు వేసి ఇంజను నిలకడ మీద ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులు చూపిస్తున్నది. అదే కొలతలో ఇంకొక బెల్టు కొని, 13 నంబరు పానాతో కలిపి డిక్కీలో పడేశాను.