ఆ మాత్రం తెలీదా?

మంగళవారం, రాత్రి

"ఆ మాత్రం ఇంగితం ఉండక్కర్లా?" ఇవాళ కూడా చెవిన పడింది. రోజుకోసారైనా ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని అంటూనే ఉంటారు. నిజానికి ఆ "మాత్రం" ఎప్పుడో ఎవరో నేర్పిందే. నేర్చుకున్న సంగతి మర్చిపోయాక పుట్టుకతో వచ్చినట్టు అనిపిస్తుంది, అంతే.

మూకుడులో నూనె అంటుకుందనుకోండి. మంటంటే నీళ్లు పొయ్యాలని అందరికీ తెలుసు. ఇక్కడ కొంప ముంచేది ఆ తెలిసిందే. నూనె కంటే నీరు బరువు కాబట్టి అడుక్కి దిగుతుంది. అంటుకున్న నూనె వేడి 300 డిగ్రీలు దాటి ఉంటుంది, నీరు మరగడానికి 100 చాలు. ఆ నీరు క్షణంలో ఆవిరై దాదాపు 1,700 రెట్లు ఉబ్బి, మండే నూనెని తుంపరలుగా పైకి ఎగజిమ్ముతుంది. చెయ్యాల్సింది వేరు: చెయ్యి అందితే స్టవ్ కట్టెయ్యాలి, లోహపు మూతని పక్కనుంచి జరుపుతూ కప్పాలి, మూకుడుని కదపకూడదు. మంట ఆరింది కదా అని వెంటనే మూత తీస్తే గాలి తగిలి మళ్లీ అంటుకుంటుంది. మంట చెయ్యి దాటితే బయటికి వచ్చేసి ఫైర్ వాళ్లకి ఫోన్ చెయ్యడమే. ఇందులో ఏ ఒక్కటీ దానంతటది తట్టేది కాదు.

గ్యాస్ వాసనా అంతే. ఫ్యాన్ వేస్తే పోతుందనిపించడం సహజం. కానీ స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. వేసి ఉన్నది ఆపినా ఆ రవ్వ రావచ్చు. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారున పేరుకుంటుంది. అందుకే ఒక్క కిటికీతో సరిపెట్టకుండా తలుపులు బార్లా తెరవాలి.

మరి తెలిసినవాళ్లకి ఎదుటివాడి అయోమయం ఎందుకు కనబడదు? 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని ఒక ప్రయోగం చేశారు. తెలిసిన పాటల దరువుని బల్లమీద వేళ్లతో కొట్టాలి, వినేవాళ్లు అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలైనా పట్టేస్తారని కొట్టినవాళ్ల ధీమా. 120 పాటల్లో పట్టింది మూడు! కొట్టేవాడి బుర్రలో పాటంతా మోగుతుంటుంది, వినేవాడికి టకటకలే.

కొత్తగా పనిలో చేరినవాడికి "జాగ్రత్తగా చెయ్యి" అనడం అలాంటి టకటకే. బ్లీచ్ సీసా మీద "జాగ్రత్త" అని రాస్తే ఏం లాభం? చేతులు కాలతాయేమో అనుకుని గ్లవ్స్ వేసుకుని, మరింత తెల్లబడుతుందని దాన్నే తీసుకెళ్లి టాయిలెట్ యాసిడ్‌లో కలుపుతాడు. వచ్చేది క్లోరిన్ వాయువు. "యాసిడ్‌తో కలపొద్దు, విషవాయువు వస్తుంది" అని కారణంతో సహా రాయాలి. అదీ సీసాకే అంటించాలి, అల్మారా తలుపుకి కాదు. సీసా చేతిలోకి వచ్చాక తలుపు వంక ఎవరూ చూడరు.