గుడ్డపేలికలకు కస్టమ్స్ కోడ్: నా అనుభవం

విశాఖ ఆటోనగర్‌లో మాకు ఒక చిన్న గొడౌన్ ఉంది. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో టీషర్టులు కత్తిరించగా మిగిలిన ముక్కలు కొని, రంగుల వారీగా వేరు చేయించి, బేళ్ళు కట్టి అమ్ముతాం. వర్క్‌షాపుల్లో, బోట్లు రిపేరు చేసే చోట మెషీన్లు తుడవడానికి వాడేది ఈ గుడ్డే. అందరూ బనియన్ వేస్ట్ అంటారు. దుబాయ్ నుంచి ఒకాయన మొదటిసారి కంటైనర్ నిండా కావాలని అడిగారు. ఎగుమతికి ముందు తీసుకోవాల్సిన ఐఈసీ నంబరు, బ్యాంకు ఏడీ కోడ్, జీఎస్టీకి ఇచ్చే ఎల్‌యూటీ హామీపత్రం అన్నీ ఆన్‌లైన్‌లోనే అయిపోయాయి. తిప్పలన్నీ ఇన్వాయిస్‌లో ఒకే ఒక్క గడి దగ్గర మొదలయ్యాయి. అందులో ఎనిమిది అంకెల హెచ్‌ఎస్ కోడ్, అంటే సరుకు ఏ రకమో కస్టమ్స్ వాళ్ళకి చెప్పే నంబరు, వెయ్యాలి.

అడిగిన వాళ్ళందరూ తలో కోడ్ చెప్పారు. పాత బట్టల వ్యాపారం చేసే ఒకాయన 6309 వేసెయ్యమన్నారు. నూలు మిల్లు వాళ్ళతో పని చేసే మరొకాయన కాటన్ వేస్ట్ కదా, 5202 అన్నారు. గుడ్డ గుడ్డే కాబట్టి అల్లిక బట్టల కిందికి, అంటే 60వ అధ్యాయంలోకి వస్తుందని ఇంకొకరు. ఎవరి అనుభవం వాళ్ళది. కానీ ఎగుమతికి కస్టమ్స్‌కి ఇచ్చే షిప్పింగ్ బిల్లు మీద మన పేరు ఉంటుంది, కోడ్‌కి జవాబు మనమే చెప్పాలి. అందుకని ఈ కోడ్‌లన్నీ ఉండే టారిఫ్ పుస్తకం తెరిచి 63వ అధ్యాయం నేనే చదవడం మొదలుపెట్టాను. ఈ పని చేసేవాళ్ళు ఎవరైనా సరే, ముందు ఆ అధ్యాయం మొదట్లో ఉన్న నోట్స్ చదవాలని గట్టిగా చెబుతాను. కోడ్‌ల పట్టిక కంటే అవే ముఖ్యం.

అక్కడ మూడో నోట్ చదవగానే 6309 సంగతి తేలిపోయింది. ఆ శీర్షిక కిందికి రావాలంటే బట్ట వాడినట్టు స్పష్టంగా కనబడాలి, పైగా విడిగా కుప్పగానో, బేళ్ళలోనో, సంచుల్లోనో రావాలి. మావి బేళ్ళలోనే వెళ్తాయి గానీ ఒక్క మనిషి ఒంటి మీదికీ ఎక్కని గుడ్డ. ఇక 6310. వాడినవైనా కొత్తవైనా పేలికలు, పనికిరాని తాళ్ళు, మోకులు అందులోకి వస్తాయి. ఉతికినా కుట్టినా బాగుపడనంతగా చిరిగి, మాసిపోయిన బట్టలతో పాటు దర్జీల దగ్గర, ఫ్యాక్టరీల్లో మిగిలే కొత్త చిన్న ముక్కలు కూడా ఇందులోవే అని వివరణల్లో ఉంది. మళ్ళీ పీచు తీయడానికో, కాగితం తయారీకో, మెషీన్లు తుడవడానికో తప్ప ఇంకెందుకూ పనికిరాని సరుకు అన్నమాట. మా సరుకు అచ్చంగా అదే.

అంటే, గుడ్డ ఒకప్పుడు ఏమిటన్నది కాదు, ఇప్పుడు ఏ స్థితిలో ఉందన్నది చూస్తారు. ఈ సంగతి అర్థమయ్యాక గొడౌన్‌లో పని తీరే మార్చాం. ఫ్యాక్టరీ నుంచి వచ్చే మూటలో నిజానికి మూడు రకాల సరుకు ఉంటుంది. మెడ దగ్గర, చంక దగ్గర కత్తిరించిన చిన్న ముక్కలు ఒక రకం. తాను చివర మిగిలే వెడల్పాటి ఎండ్ బిట్లు ఇంకో రకం. వాటితో పిల్లల బట్టలు కుట్టొచ్చు, కాబట్టి అవి పేలికలు కావు, గుడ్డే. దారపు చిక్కులు మూడో రకం. నూలు దారమైతే 5202, పాలిస్టర్ అయితే 5505. మూడూ కలిపి ఒకే బేలు కట్టి ఒకే కోడ్ వేస్తే ఏ అధికారైనా ఆపుతాడు, ఆపాలి కూడా.

వేరు చేసే పని మా దగ్గర ఆడవాళ్ళదే. అందులో ఒక పెద్దావిడను నేను పిన్నీ అంటాను. ఆవిడ ముక్కను వేళ్ళ మధ్య ఒకసారి నలిపి, ఇది కాటన్, ఇది కల్తీ అని పక్కకి విసిరేస్తుంది. అనుమానం వస్తే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగిస్తుంది. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుపోయి చివర గట్టి పూసలా మిగులుతుంది. "ఇది కాలలేదమ్మా, కరిగింది" అంటుంది. టారిఫ్‌లో వేరు చేసిన పేలికలు 6310 10 కింద ఉంటాయి. అందులో ఉన్నివి 6310 10 10, నూలువి 6310 10 20, సింథటిక్‌వి 6310 10 30. వేరు చేయనివి 6310 90 కింద. ఆ చివరి అంకెలు సరిగ్గా పడ్డాయంటే పిన్ని వేళ్ళ పుణ్యమే. ఈ నైపుణ్యానికి మన దగ్గర ఇచ్చే కూలి చాలా తక్కువ. ఇది పెరగాలని నా గట్టి నమ్మకం, మా గొడౌన్‌లో పెంచాం కూడా.

సరుకు పోర్టు దగ్గర కంటైనర్ స్టేషన్‌కి చేరాక పరీక్షకు పిలిచారు. అధికారి ఒక బేలు కట్లు కోయించి, మధ్యలోంచి చెయ్యి పెట్టి ఒక పొడుగాటి ముక్క లాగారు. దాన్ని నా ముందు చాచి పట్టుకున్నారు.

"దీంతో చంటిపిల్లాడి చొక్కా కుట్టలేమా మేడమ్?"

చాలా సరైన ప్రశ్న అది. ముక్క మోచేతి కంటే పొడవుంది. "వెడల్పు చూడండి సార్" అన్నాను. బెత్తెడు కూడా లేదు. కటింగ్ టేబుల్ మీద పొరల అంచున మిగిలే పట్టీ అది. ఒక పక్క సుద్దగీత, ఇంకో పక్క తాను అంచుకి దగ్గరగా వరసగా మిషన్ సూది బెజ్జాలు. ఆయన దాన్ని అటూ ఇటూ లాగి చూశారు. ఇంకో రెండు బేళ్ళు, కంటైనర్ వెనక వైపువి, దింపించమన్నారు. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. అయినా లోపల ఏముందో నాకు తెలుసు.

కాగితాలు కూడా అప్పుడే అక్కరకొచ్చాయి. ఫ్యాక్టరీ మాకు ఇచ్చిన బిల్లులో సరుకు పేరు కటింగ్ వేస్ట్ అనే ఉంది. కొనే ఆయన ఆర్డర్‌లో మెషీన్లు తుడవడానికి అని స్పష్టంగా రాయించుకున్నాం. బేళ్ళు కట్టేముందు ఒక్కో కుప్పని టేపు పక్కన పెట్టి ఫొటోలు తీశాం. అధికారి శాంపిల్ తీసుకుని, రిపోర్టులో ముక్కల సైజు రాసుకుని, మా కోడ్‌నే ఒప్పుకున్నారు. సరుకు పంపొచ్చని అనుమతి, అంటే లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్, వచ్చింది.

దిగుమతి చేసుకునే వాళ్ళకి బట్టకీ పేలికకీ మధ్య ఈ గీత ఇంకా పదునుగా ఉంటుంది. మన దేశంలోకి 6309 కింద వాడిన బట్టలు తేవాలంటే విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం డీజీఎఫ్‌టీ అనుమతి ఉండాలి. ముందే పూర్తిగా కోసేసి, మళ్ళీ తొడుక్కోవడానికి వీల్లేకుండా చేసిన పేలికలైతే 6310. పానిపట్‌లో పాత ఉన్ని బట్టల్ని పీచు చేసి దుప్పట్లు నేసే పరిశ్రమకి ముడిసరుకు అలా వచ్చేదే. ఒక స్వెటర్‌కి అరకొరగా కోతలు పెట్టి పేలిక అంటే కుదరదు. బేలులో తొడుక్కోదగ్గవి దొరికితే జప్తు, జరిమానా దాకా వెళుతుంది. ఎగుమతిలో కూడా ఒక జాగ్రత్త ఉంది. నూనె, గ్రీజు పట్టిన వాడేసిన తుడుపు గుడ్డలు ఇందులో కలపకూడదు. వ్యర్థాలను దేశాల మధ్య పంపడం మీద ఉన్న బాసెల్ అంతర్జాతీయ ఒప్పందంలో బట్టల వ్యర్థాలకు బీ3030 అనే పద్దు కింద సులువైన దారి ఉంది. కానీ అది ఇతర వ్యర్థాలు కలవని సరుకుకే.

ఇప్పుడు మా ఇన్వాయిస్‌లో "గుడ్డపేలికలు" అని ఒక్క మాటతో సరిపెట్టం. కొత్తవి, అల్లిక కాటన్, ఫ్యాక్టరీ కటింగ్ ముక్కలు, రంగు వారీగా వేరు చేసినవి, తుడవడానికి అని పూర్తిగా రాస్తాం. దుబాయ్ ఆయన ఈసారి కాటన్, పాలిస్టర్ కలిసిన ముక్కలు అడుగుతున్నారు. పీచు పాళ్ళు బేలు బేలుకీ మారే సరుకు అది. అందుకే ఎగుమతికి ముందే ఢిల్లీ, ముంబైల్లో ఉన్న కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ ముందుకి వెళ్ళి కోడ్ రాతపూర్వకంగా తెచ్చుకుందామని దరఖాస్తు సిద్ధం చేస్తున్నాను. దానికి జత చేయడానికి పిన్ని ఒక్కో రకం నుంచి శాంపిల్ తీసి కవర్లలో పెడుతోంది.