పసిఫిక్ యుద్ధం చదివే ముందు మ్యాప్ కత్తిరించుకోండి

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్, అమెరికా తలపడిన పసిఫిక్ యుద్ధం మీద, ఒక పోటీ పరీక్ష టెస్ట్ సిరీస్‌లో ప్రశ్న ఇది: పసిఫిక్ యుద్ధ గమనంలో మిడ్వే దీవి పోరు ప్రాధాన్యం వివరించండి. 15 మార్కులు. నాకొచ్చినవి 3.5. తేదీ ఒక్కటీ తప్పు పోలేదు. దిద్దినాయన మాత్రం మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో ఒకే మాట రాశాడు, "అయితే?" అని. రెండు రోజులు తిట్టుకున్నాను. మూడో రోజు పేపరు తీసి చూస్తే, నేను రాసింది జవాబు కాదు, క్యాలెండర్.

లోపం నా బుర్రలో కంటే గోడ మీద ఎక్కువుంది. అశోక్‌నగర్ రూమ్‌లో మేం అంటించుకున్న ప్రపంచ పటంలో జపాన్ కుడి చివర, హవాయి ఎడమ చివర. యుద్ధం జరిగిన సముద్రం నిలువునా రెండు ముక్కలు. అలాంటి పటం ముందు కూర్చుని ఎన్నిసార్లు చదివితే ఏం ఎక్కుతుంది? కత్తెర తెచ్చి అట్లాంటిక్ మీదుగా కోసి, అమెరికా ముక్కను జపాన్ పక్కన అతికించాను. రూమ్మేట్ నాకు పిచ్చెక్కిందనుకున్నాడు.

గమ్ పూసిన అతుకు దగ్గరే దినరేఖ కూడా ఉంది, దానికి పడమర తేదీ ఒకరోజు ముందుంటుంది. హవాయిలో పెర్ల్ హార్బర్ రేవు మీద జపాన్ దాడి 1941 డిసెంబర్ 7, మలయాలో కోటా బారు మీద జపాన్ దిగింది డిసెంబర్ 8. ఏది ముందు? కోటా బారే, దాదాపు గంట ముందు. ఈ చిక్కు అతుకు చూశాకే నాకు విడింది.

తర్వాత ఎర్ర స్కెచ్‌తో చమురున్న చోట్లు గుర్తు పెట్టాను. 1937 నుంచి చైనాలో ఇరుక్కున్న జపాన్‌కి చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. 1941 జూలైలో జపాన్ దక్షిణ ఇండోచైనాలో, అంటే ఇప్పటి వియత్నాం వైపు, అడుగుపెట్టగానే అమెరికా ఆ కొళాయి కట్టేసింది. మిగిలిన దారి డచ్ ఈస్టిండీస్ (ఇప్పటి ఇండోనేషియా), అంటే సుమత్రా, బోర్నియో బావులు. ఆ దారి పక్కనే ఫిలిప్పీన్స్, అక్కడ అమెరికన్లు. వాళ్లకి సాయం వచ్చే నౌకాదళం హవాయిలో. ఇప్పుడు పెర్ల్ హార్బర్ ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. దాడిలో ఏం మిగిలిపోయాయో కూడా రాయండి: ఆ రోజు అమెరికా క్యారియర్లు, అంటే విమానాలు మోసే యుద్ధనౌకలు, రేవులో లేవు, ఒడ్డున చమురు ట్యాంకులు చెక్కుచెదరలేదు.

ఆర్నెల్ల జపాన్ దూకుడుకి రెండు లైన్లు చాలు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చిలో జావా, అండమాన్. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు. మాది కాకినాడ కాబట్టి అభిమానం కొద్దీ మిడ్వే జవాబులో ఇది కూడా ఇరికించాను. మీరు అలా చేయకండి.

మిడ్వే దగ్గర మాత్రం ఆగండి. అమెరికన్లు చాటుగా వింటున్న జపాన్ రహస్య సందేశాల్లో "ఏఎఫ్" అనే చోటు ఏదో తేల్చుకోడానికి, మిడ్వేలో మంచినీళ్ల యంత్రం పాడైందని వాళ్లు కావాలనే కోడ్ లేని మామూలు భాషలో సందేశం పంపారు. ఏఎఫ్‌లో నీళ్లు లేవని జపాన్ వాళ్లు తమలో తాము చెప్పుకున్నారు, దొరికిపోయారు. కోరల్ సముద్రం పోరులో దెబ్బతిన్న అమెరికన్ క్యారియర్ యార్క్‌టౌన్‌ని పెర్ల్ హార్బర్‌లో మూడే రోజుల్లో అతుకులేసి పంపారు. 1942 జూన్ 4 ఉదయం నిమిషాల వ్యవధిలో జపాన్ క్యారియర్లు అకాగి, కాగా, సోర్యు మంటల్లో చిక్కుకున్నాయి. సాయంత్రానికి హిర్యు వంతు. అయితే? పోయిన నాలుగు క్యారియర్లనూ, చేయి తిరిగిన సిబ్బందినీ జపాన్ మళ్లీ తెచ్చుకోలేకపోయింది. అమెరికా 1943 నుంచి ఎసెక్స్ తరగతి క్యారియర్లను వరసపెట్టి దించింది. అయినా మిడ్వేతోనే పనైపోయిందని రాస్తే నేనొప్పుకోను. 1943 ఫిబ్రవరి దాకా గ్వాడల్‌కెనాల్ దీవిలో ఆర్నెల్లు సాగిన అరుగుదలే అసలు నడుం విరిచింది.

ఆ తర్వాత పటం మీద రెండు దారాలు వేయండి. ఒకటి అమెరికన్ జనరల్ మెకార్థర్‌ది, న్యూగినీ నుంచి ఫిలిప్పీన్స్‌కి. రెండోది అమెరికన్ అడ్మిరల్ నిమిట్జ్‌ది, గిల్బర్ట్, మార్షల్, మరియానా దీవుల మీదుగా. దీవులన్నీ గెలవలేదు, కొన్నిటిని దాటేసి కప్పగంతులేశారు. లక్షకు దగ్గరగా జపాన్ సైన్యమున్న రబౌల్ స్థావరాన్ని అలాగే వదిలేసి ముందుకెళ్లిపోయారు. సైపాన్ నుంచి టోక్యోకి దారంతో కొలిస్తే దాదాపు 2,400 కిలోమీటర్లు, అమెరికా బాంబర్ విమానం బీ-29 వెళ్లి తిరిగి రాగల దూరం. 1944 జూలైలో సైపాన్ పోగానే జపాన్ ప్రధాని టోజో రాజీనామా చేశాడు.

అమెరికా జలాంతర్గాముల్ని మర్చిపోవద్దు. మునిగిన జపాన్ వర్తక నౌకల్లో సగానికి పైగా వాటి ఖాతాలోవే. ఏ చమురు కోసం యుద్ధానికి దిగారో అది చేతికొచ్చీ ఇంటికి చేరలేదు. నా రెండో టెస్టులో మార్కులు పెంచిన వాక్యం ఇదే.

లేటె, ఇవో జిమా, ఒకినావా పోరాటాల వరస గుర్తుంటే చాలు. చివర్లో ఆగస్టు 6 హిరోషిమా, 8న సోవియట్ యుద్ధ ప్రకటన, 9న నాగసాకి. బాంబు ఒక్కటే కారణమని తేల్చేయకండి, సోవియట్ ప్రవేశం మీద చరిత్రకారుల వాదన కూడా పెట్టండి. 1945 ఆగస్టు 15 లొంగిపోతున్నామని జపాన్ చక్రవర్తి రేడియో ప్రకటన, సెప్టెంబర్ 2 అమెరికన్ యుద్ధనౌక మిస్సోరీ మీద లొంగుబాటు సంతకాలు, రెండూ వేరు.

ఇంత చేస్తే ఆ ఏడాది మెయిన్స్‌లో దీని మీద ఒక్క ప్రశ్నా రాలేదు. రూమ్ ఖాళీ చేసేటప్పుడు పటం తీయబోతే, అతుకు దగ్గర సున్నం కూడా ఊడొచ్చింది. ఓనర్ అడ్వాన్స్‌లో 300 కోసుకున్నాడు.