కుర్రాళ్లు పెట్టిన పత్రిక

ఈ మధ్య రాత్రిళ్లు ఎస్తోనియా పాత పత్రికల స్కాన్ పేజీలు తిరగేస్తున్నా. బొమ్మల కోసం మొదలెట్టి ‘నోర్ ఏస్తి’ (అంటే ‘యువ ఎస్తోనియా’) దగ్గర ఇరుక్కుపోయాను.

1905లో, ఇంకా రష్యా జార్ ఏలుబడిలోనే ఉన్నప్పుడు, అక్కడి టార్టు నగరంలో కొందరు కుర్రాళ్లు తెచ్చిన సంకలనం అది. ముందున్న కవి గుస్తావ్ సూట్స్‌కి అప్పటికి ఇరవై రెండేళ్లు కూడా లేవు! ఎస్తోనియన్లుగానే ఉందాం, యూరోపియన్లం కూడా అవుదాం అన్నాడు. 1915 దాకా ఐదు సంకలనాలొచ్చాయి. మధ్యలో 1910-11లో అదే పేరుతో పత్రిక కూడా నడిపి ఆపేశారు. చిన్న పత్రికల సంగతి ఎక్కడైనా ఇంతే కదా.

బొమ్మలు మాత్రం చూసి తీరాలి. వాటి చిత్రకారుల్లో కోన్రాడ్ మాగి, నికొలాయ్ త్రీక్ ఇద్దరూ పారిస్, నార్వే తిరిగినవాళ్లు. త్రీక్ గీత తీగలా మెలికలు తిరుగుతుంది, కథ పక్కనపెట్టి దాన్నే చూస్తూ కూర్చుంటాం.

ఈ కుర్రాళ్ల బృందంలో ఇంకో సభ్యుడు, రచయిత ఫ్రీడెబెర్ట్ తుగ్లాస్ 1905 రష్యా విప్లవంలో జైలుకెళ్లాడు, ఆ తర్వాత 1917 దాకా ప్రవాసమే. దేశం స్వతంత్రమయ్యాక 1923లో ‘లోమింగ్’ అనే సాహిత్య మాసపత్రికకి తొలి సంపాదకుడయ్యాడు. అది ఇప్పటికీ వస్తోంది!

కవితల దగ్గర మాత్రం నా అనువాదం యాప్ చేతులెత్తేసింది. ఎస్తోనియన్ వచ్చినవాళ్లెవరైనా ఉంటే ఇన్‌బాక్స్‌కి రండి.