ఖాట్మండులో ఆగిపోయిన మూడు రోజులు: నా అనుభవం

2025 సెప్టెంబరు 2వ తేదీ తెల్లవారుజామున మల్కాజిగిరి నుంచి శంషాబాదుకు బయలుదేరినప్పుడు మా ప్రయాణానికి ఉద్దేశం నేపాల్‌లోని ముక్తినాథ్ దర్శనం ఒక్కటే. నూట ఎనిమిది దివ్యదేశాలలో సాలగ్రామ క్షేత్రంగా చెప్పే ఆ గుడిని చూడాలని అమ్మ ఇరవై ఏళ్ళుగా అనుకుంటోంది. నాన్నగారికి 74 ఏళ్ళు, అమ్మకు 63. నేను డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతాను. వారం రోజుల సెలవు పెట్టి, వాళ్ళిద్దరినీ నేనే తీసుకువెళ్ళాను.

నేపాల్‌కు భారతీయులకు వీసా అవసరం లేదు. అందుకే చాలామంది ఆ ప్రయాణాన్ని పొరుగూరికి వెళ్ళినంత తేలికగా తీసుకుంటారు. కానీ విమానంలో వెళ్ళాలంటే పాస్‌పోర్టుగాని, ఎన్నికల గుర్తింపు కార్డుగాని ఉండాలి. ఆధార్ కార్డు పదిహేనేళ్ళలోపు పిల్లలకు, అరవై ఐదేళ్ళు దాటిన పెద్దలకు మాత్రమే చెల్లుతుంది. అమ్మ పాస్‌పోర్టు గడువు దాటిపోయింది కాబట్టి ఆమె ఓటరు కార్డుతో, నాన్నగారు ఆధార్‌తో, నేను పాస్‌పోర్టుతో బయలుదేరాము. మన నోట్లలో వంద, అంతకంటే చిన్నవి మాత్రమే అప్పట్లో అక్కడ చెల్లేవి. బ్యాంకులో అడిగి వందనోట్ల కట్టలు మూడు తీసుకున్నాను. మన వందకు అక్కడ నూట అరవై. ఈ లెక్కలన్నీ ముందే చూసుకున్న నేను ఒక్క విషయంలో పొరబడ్డాను. హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఒక సంస్థ విమానంలోనూ, ఢిల్లీ నుంచి ఖాట్మండుకు మరొక సంస్థ విమానంలోనూ, రెండు వేర్వేరు బుకింగులుగా రానుపోను టికెట్లు తీసుకున్నాను. దాని ఫలితం చివరిలో తెలిసివచ్చింది.

యాత్ర బాగా జరిగింది. 3,700 మీటర్లకు పైన ఉన్న ఆ గుడి వెనుక 108 ధారల కింద అమ్మ తడిసి వణుకుతూనే నవ్వింది. మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేసింది గాని, ఆ సంతోషంలో ఆమె దానిని లెక్కచేయలేదు. మేము పోఖరాలో ఉండగానే, 4వ తేదీన, నేపాల్ ప్రభుత్వం ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ సహా 26 సామాజిక మాధ్యమాలను నిలిపివేసింది. హోటల్ వైఫైలో వాట్సాప్ పనిచేయకపోతే, అది మాకు కలిగిన చిన్న అసౌకర్యం అనుకున్నామే తప్ప, అక్కడి యువతకు ఉద్యోగాలు లేకపోవడం, నాయకుల పిల్లల విలాసాల మీద అప్పటికే రగులుతున్న కోపం, విదేశాలలో కూలిపని చేసే తండ్రులతో పిల్లలు మాట్లాడుకునే దారి ఒక్కసారిగా మూసుకుపోవడం, ఇవన్నీ కలిసి ఏమి కాబోతున్నాయో మాకు అంతుపట్టలేదు.

7వ తేదీ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. ఖాట్మండులో పశుపతినాథుడి గుడికి దగ్గరగా ఉన్న గౌశాలా ప్రాంతంలో చిన్న హోటల్లో దిగి, పట్టు స్నానం, విడుపు స్నానం రెండూ అక్కడే చేశాము. 8వ తేదీ సోమవారం ఉదయం దర్శనం చేసుకుని బయటికి వచ్చేసరికి, యూనిఫారాలలో ఉన్న విద్యార్థులు గుంపులుగా, జెండాలు పట్టుకుని, న్యూ బానేశ్వర్‌లోని పార్లమెంటు వైపు నడుస్తూ కనిపించారు. వాళ్ళలో చాలామంది నా తరగతి గదిలో కూర్చునే పిల్లల వయసువాళ్ళే. మధ్యాహ్నానికి కాల్పులు జరిగాయి. ఆ ఒక్క రోజే 19 మంది చనిపోయారు. హోటల్ వంటగదిలో పనిచేసే అబ్బాయి, అమ్మను ‘ఆమా’ అని పిలిచేవాడు, ఆ సాయంత్రం మాకు అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగిపోయి గోడవైపు తిరిగాడు. అతని స్నేహితుడు గాయాలతో సివిల్ ఆసుపత్రిలో ఉన్నాడని మేనేజరు చెప్పాడు. అమ్మ లేచి వెళ్ళి అతని చేతిలో ఉన్న గరిటె తీసుకుని మిగిలినవాళ్ళకు తానే వడ్డించింది. అక్కడి నుంచి మా తిరుగు ప్రయాణం గురించి ఎంత ఆందోళన పడినా, అది ఆ పిల్లవాడి దుఃఖం ముందు చిన్నదన్న సంగతి నాకు గుర్తుంటూనే వచ్చింది.

మా విమానం 9వ తేదీ సాయంత్రం. ముందురోజు రాత్రే సామాజిక మాధ్యమాల మీద నిషేధం ఎత్తివేశారు కాబట్టి అంతా సద్దుమణుగుతుందని ఆశపడ్డాము. కానీ ఉదయం నుంచే కర్ఫ్యూ పెట్టారు. జనం దానిని లెక్కచేయక వీధుల్లోకి వచ్చారు. మధ్యాహ్నానికి ప్రధానమంత్రి కె.పి. శర్మ ఓలీ రాజీనామా చేశారు. పార్లమెంటు భవనం, ప్రభుత్వ కార్యాలయాలు ఉండే సింహదర్బారు, సుప్రీంకోర్టు తగలబడ్డాయి. పొగ కమ్ముకోవడంతో త్రిభువన్ విమానాశ్రయాన్ని మూసివేశారు. మా విమానం రద్దయిందన్న సందేశం వచ్చేసరికి మేము పెట్టెలు సర్దుకుని గది తాళంచెవి కూడా ఇచ్చేసి కింద కూర్చుని ఉన్నాము.

ఆ క్షణంలో ఏం చేయాలో నాకు తోచలేదు. నాన్నగారికి తోచింది. 1990 డిసెంబరులో హైదరాబాదులో అల్లర్లు జరిగినప్పుడు ఆయన పాతబస్తీలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. కర్ఫ్యూ అంటే ఏమిటో, సడలింపు అంటే ఏమిటో, ఆ రెండింటి మధ్య మనిషి ఎలా మెలగాలో ఆయనకు అప్పుడే తెలుసు. “తాళంచెవి వెనక్కి తీసుకో అమ్మా. ముందు బకెట్లు నింపండి. ఫోన్లన్నీ ఛార్జింగులో పెట్టండి. వీధివైపు కిటికీ దగ్గర ఎవరూ నిలబడవద్దు. ఎవరైనా సందు నుంచి తీసుకెళ్తామంటే వెళ్ళవద్దు” అన్నారు. ఆ నాలుగు మాటలే మాకు ఆ మూడు రోజులూ దారి చూపాయి.

ఆ సాయంత్రమే మన విదేశాంగ శాఖ కూడా నేపాల్‌లో ఉన్న భారతీయులు ఎక్కడివారు అక్కడే ఉండాలని, వీధుల్లోకి రావద్దని సూచించింది. రాయబార కార్యాలయం ప్రకటించిన ఫోను నంబర్లకు ఎన్నిసార్లు చేసినా లైను దొరకలేదు. చివరికి ఒక సందేశం రాసి పంపాను. అందులో మా ముగ్గురి పేర్లు, వయసులు, ఎవరి దగ్గర ఏ గుర్తింపు కార్డు ఉందో దాని సంఖ్య, హోటల్ పేరు, వీధి, గది సంఖ్య, రద్దయిన విమానం వివరాలు, నాన్నగారికి మధుమేహం ఉన్న విషయం, ఆయన దగ్గర ఎన్ని రోజుల మందులున్నాయో, అన్నీ ఒకేచోట ఇచ్చాను. నలభై నిమిషాల్లో సమాధానం వచ్చింది. ఢిల్లీలోని తెలంగాణ భవన్‌లో సహాయ కేంద్రం తెరిచారని దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా చెల్లెలు టీవీలో చూసి చెబితే, అదే సందేశాన్ని వారికీ పంపాము. ఒకే సందేశంలో అన్ని వివరాలూ ఉండడం వల్లనే, ఆ తరువాత ఫోన్ చేసిన ప్రతి అధికారీ మళ్ళీ మొదటినుంచి అడగకుండా నేరుగా విషయానికి వచ్చారు.

10వ తేదీ నాకు అన్నిటికంటే కష్టంగా గడిచిన రోజు. ముందురోజు రాత్రి నుంచి సైన్యం వీధుల్లోకి వచ్చింది. జైళ్ళ నుంచి వేలమంది ఖైదీలు తప్పించుకున్నారన్న వార్త పొద్దున్నే తెలిసింది. హోటల్లో ఉన్న మరో బృందానికి తెలిసిన ఒక ట్రావెల్ ఏజెంటు, చీకటి పడ్డాక వ్యాన్‌లో రక్సౌల్ సరిహద్దు దాటిస్తానని, తలకు ఇంత అని చెప్పాడు. చెల్లెలు అరగంటకోసారి ఫోన్ చేసి, టీవీలో మంటలు చూపిస్తున్నారని, ఎలాగైనా బయటపడమని ఏడ్చింది. నా మనసు కూడా వ్యాన్ వైపే మొగ్గింది. కదులుతూ ఉంటే ఏదో చేస్తున్నామన్న ధైర్యం ఉంటుంది, గదిలో కూర్చుంటే మిగిలేది భయమే. నాన్నగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, “దారిలో ఎన్ని చోట్ల ఆపుతారో ఆ మనిషికి తెలుసా? ఆపినవాళ్ళు సైనికులో కాదో మనకు తెలుసా?” అని రెండే ప్రశ్నలు అడిగారు. రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. ఏజెంటుకు రామని చెప్పాము. పశుపతినాథ దర్శనం చేసుకుని తిరిగివస్తున్న మన యాత్రికుల బస్సు మీద సోనౌలీ సరిహద్దు సమీపంలో దాడి జరిగిందని తరువాత చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి.

ఆ మధ్యాహ్నం అమ్మ డాబా మీద ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళి, ఒక కాగితం ముక్క పట్టుకుని వచ్చింది. అరచేయి అంత ఉంది. మూడు అంచులు కాలి నల్లబడ్డాయి, మధ్యలో దేవనాగరి లిపిలో రెండు వరుసల అక్షరాలు, సగం రబ్బరు ముద్ర మిగిలాయి. ఏదో కార్యాలయం నుంచి గాలికి ఎగిరి వచ్చింది. తెలియక కాలు తగిలిందట. అక్షరాలున్న కాగితాన్ని తొక్కానని అమ్మ దానిని కళ్ళకద్దుకుని, తడి ఆరాక తన విష్ణుసహస్రనామం పుస్తకంలో పెట్టుకుంది. ఎవరి భూమి పత్రమో, ఎవరి దరఖాస్తో అని ఆ రాత్రంతా అంటూనే ఉంది.

నాన్నగారి మాత్రలు ప్రయాణపు రోజులకు సరిగ్గా లెక్కపెట్టి తెచ్చాను, ఒక్క రోజువి కూడా ఎక్కువ తేలేదు. ఇది నా తప్పే. మరునాడు ఉదయం కర్ఫ్యూ సడలించిన సమయంలో మేనేజరుతో కలిసి మందుల దుకాణానికి వెళ్ళాను. మనవాళ్ళు అలవాటుగా చెప్పే కంపెనీ పేరు ఆ దుకాణదారుకు తెలియదు. డాక్టరు చీటీలో ‘మెట్‌ఫార్మిన్ 500’ అని అసలు మందు పేరు రాసి ఉండడం వల్ల వెంటనే దొరికింది. పక్కనే పాలు, రొట్టెల కోసం నిలబడ్డ వరుసను చూసి, నాన్నగారు చెప్పే 1990 నాటి కథల్లోని వరుసే నా కళ్ళముందు ఉన్నట్టనిపించింది.

విమానాశ్రయం 10వ తేదీ సాయంత్రమే తెరిచారు. 11న మా హోటల్లోనే ఉన్న విశాఖపట్నం కుటుంబాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏర్పాటు చేసిన ప్రత్యేక విమానంలో తీసుకువెళ్ళారు. వెళ్ళేముందు వాళ్ళ దగ్గరున్న పచ్చళ్ళు, అటుకులు, మిగిలిన నేపాలీ రూపాయలు కూడా అమ్మ చేతిలో పెట్టి వెళ్ళారు. మా విమాన సంస్థ అదనపు రుసుము లేకుండా తేదీ మార్చింది గాని, ఒకే బుకింగులో ఉన్న ముగ్గురికీ కలిపి సీట్లు దొరకడానికి 12వ తేదీ వరకు ఆగవలసి వచ్చింది. ముందు ఇద్దరిని పంపి తరువాత ఒకరు వెళ్ళవచ్చని ఫోనులో సలహా ఇచ్చారు. పెద్దవాళ్ళను విడదీయనని గట్టిగా చెప్పాను.

టికెట్టు ఉన్న ప్రయాణికులు దానిని చూపించి విమానాశ్రయానికి వెళ్ళవచ్చని సైన్యం ప్రకటించింది. ఫోను ఆగిపోతే కష్టమని మేనేజరు తన కార్యాలయంలో టికెట్లు రెండేసి కాపీలు అచ్చువేసి ఇచ్చాడు. గౌశాలా నుంచి విమానాశ్రయం చాలా దగ్గర, అయినా మూడుచోట్ల ఆపారు. మూడుచోట్లా ఆ కాగితాలే అడిగారు. ఒక సైనికుడు నాన్నగారి ఆధార్ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, పుట్టిన సంవత్సరం మీద వేలు పెట్టి ఆగాడు, తరువాత ఆయన మొహం చూసి దణ్ణం పెట్టి పంపించాడు.

ఢిల్లీలో దిగాక మరో చిక్కు ఎదురైంది. 9వ తేదీ రాత్రి హైదరాబాదు విమానానికి మేము హాజరు కాలేదు కాబట్టి ఆ టికెట్లు పోయినట్టేనని ఆ విమాన సంస్థవారు చెప్పారు. ఖాట్మండు విమానం రద్దుతో తమకు సంబంధం లేదన్నారు. బుకింగులు వేరు కాబట్టి నియమం ప్రకారం వాళ్ళ మాట సరైనదే గాని, ముగ్గురికీ అప్పటికప్పుడు కొత్త టికెట్లు కొనేసరికి వెళ్ళేటప్పటి ఖర్చుకు రెండింతలకు పైగా అయింది. ప్రయాణ బీమా సంస్థకు రద్దు ధ్రువపత్రం, రసీదులు అన్నీ జతచేసి దరఖాస్తు పెట్టాను. అల్లర్లు, పౌర అశాంతి కారణంగా కలిగే నష్టాలు మినహాయింపుల జాబితాలో ఉన్నాయని నెల తరువాత జవాబు వచ్చింది. పాలసీ కాగితాల్లో ఆ వాక్యం ఉన్నమాట నిజం. కొనేముందు నేను ఆ పేజీ వరకు చదవలేదు. అయినా, మనిషికి బీమా అత్యవసరమయ్యే సందర్భాన్నే మినహాయించడం నాకు న్యాయంగా అనిపించదు.

ఢిల్లీ విమానాశ్రయంలో రాత్రి విమానం కోసం ఎదురుచూస్తుండగానే, మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ నేపాల్ తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారన్న వార్త వచ్చింది. అప్పటికి మృతుల సంఖ్య యాభై దాటింది, చివరికి డెబ్బై దాటింది. అమ్మ ఆ వంటగది అబ్బాయికి ఫోన్ చేయమంది. స్నేహితుడికి ప్రాణాపాయం తప్పిందని అతను చెప్పాడు.

అక్కడ అదనంగా ఉన్న మూడు రాత్రుల అద్దె మేము పూర్తిగా కట్టలేకపోయాము. ఏటీఎంలన్నీ మూసి ఉన్నాయి, వందనోట్లు దాదాపు అయిపోయాయి. ఇల్లు చేరాక పంపండి అని మేనేజరు ఒక్క కాగితం కూడా రాయించుకోకుండా మమ్మల్ని పంపించాడు. సోమవారం మల్కాజిగిరిలోని బ్యాంకుకు వెళ్ళి అడిగితే, నేపాల్‌కు డబ్బు పంపడానికి ప్రత్యేకంగా ఒక పద్ధతి ఉందని, మన రూపాయలు ఇక్కడ కడితే అక్కడి ఖాతాలో వాళ్ళ రూపాయలుగా జమ అవుతాయని గుమాస్తా చెప్పి, ఫారం ఎలా నింపాలో చూపించింది. మేనేజరు పేరు, ఖాతా సంఖ్య నాన్నగారు తన చేతిరాతతోనే నింపారు. రెండు రోజుల తరువాత డబ్బు అందిందని మేనేజరు ఫోన్ చేశాడు, ఆమా మోకాలు ఎలా ఉందని అడిగాడు.