ఐదు వందల ముక్కల పిల్లి

పిల్లి ముద్దొచ్చి కొన్న జిగ్సా పజిల్ అది. కిటికీ గట్టు మీద ముడుచుకుని కూర్చున్న తెల్ల పిల్లి, బయట పొలాలు, దూరంగా ఫ్యూజీ కొండ. డబ్బా మీద జపాన్ చిత్రకారుడు హిరోషిగే పేరు, 1857 అని ఉంది.

ఒక్క ఆకాశానికే మూడు రాత్రులు పట్టింది. కొండ దగ్గర ఎర్రగా ఉండి, పైకి పోయేకొద్దీ రంగు మారిపోతుంది. చెక్క అచ్చు మీద తడిచేసి రంగును అలా పలచబరుస్తారట. పజిల్ పెట్టేవాళ్ల ఉసురు తగులుతుంది.

నాలుగో రోజు నేల భాగం పూర్తయింది. అమ్మ టీ గ్లాసు పట్టుకుని వంగి చూసి, "ఏమే, ఈ పిన్నులెవరివి?" అంది. అప్పటిదాకా నేను చూడనే లేదు. విప్పిన కాగితం మీద తలలో పెట్టుకునే పిన్నులు, ఒక్కోటీ బుల్లి పంజాలా ఉంది. గట్టు మీద గిన్నె, తువ్వాలు కూడా ఉన్నాయి. మనిషి మాత్రం లేదు.

ఆ రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నా. అది యోషివారాలో ఒక వేశ్య గది. యోషివారా అంటే ఎదో నగరంలో (ఇప్పటి టోక్యో) ప్రభుత్వం అనుమతించిన వేశ్యావాడ. చుట్టూ కందకం. అప్పు కింద అమ్ముడుపోయిన ఆడపిల్లలకు గేటు దాటే వీల్లేదు. పొలాల్లో నల్లగా చీమల బారులా కనిపించేది పక్కనున్న ఓతోరి గుడి జాతర జనం. పదకొండో నెలలో, అక్కడి పంచాంగంలో కోడి పేరున్న రోజున జరుగుతుంది. డబ్బు పోగవుతుందని అక్కడ ఆకులు పోగుచేసే వెదురు పంజాలు కొంటారు. వాటి పేరు కుమాదే, ఎలుగుబంటి చెయ్యి అని. ఆ పిన్నులు వాటి నమూనాలే. ఎవరో విటుడు జాతరలో కొనుక్కొచ్చి ఉంటాడు.

జాతర రోజున యోషివారా గేట్లన్నీ అందరికీ తెరిచేవారట. లోపలి ఆడవాళ్లు మాత్రం ఆ రోజు తప్పనిసరిగా విటుణ్ణి తీసుకోవాలి. ఎంత చక్కని పండగో! ఎదురుగా కనిపించే పవిత్రమైన కొండ శిఖరానికైతే 1872 దాకా మామూలుగా ఆడవాళ్లని ఎక్కనిచ్చేవారు కాదు. పిల్లి ఊచల్లోంచి అటే చూస్తోంది. ఆ గది ఆవిడ బొమ్మలో ఎడమపక్కన, తెర చాటున ఉందన్నమాట.

ఫ్రేమ్ కట్టిద్దామంటే పిల్లి చెవి ముక్క కనపడలేదు. సోఫా కింద చీపురు పెట్టి లాగితే రెండు బిస్కెట్ ముక్కలు వచ్చాయి, చెవి రాలేదు. అమ్మకి చెవి బెంగ లేదు. డైనింగ్ టేబుల్ తుడిచిన ప్రతిసారీ ఆ పిన్నులున్న మూల దగ్గరే ఆగుతుంది.

"కొత్తవి కదే, ఒక్కసారైనా పెట్టుకుందంటావా?"