నాలుగు బాడీలు, ఒకే ఆవిరి

ఈరోజు పొద్దున షిఫ్ట్. యార్డు నిండా చెరకు బండ్లు, మిల్లు ఊపు మీద ఉంది. సిరప్ (చిక్కబరిచిన చెరకు రసం) బ్రిక్స్, అంటే అందులో కరిగి ఉన్న పంచదార వగైరాల శాతం, మాత్రం 60 నుంచి 54కి జారింది. రసాన్ని మరిగించి చిక్కబరిచే ఎవాపరేటర్ గొట్టాల్లో స్కేల్, అంటే గట్టి పొర, పట్టిందని అర్థమైంది. సిరప్ పల్చగా వెళితే ఆ మిగిలిన నీళ్లు పాన్‌లో (పంచదార గింజ కట్టే పాత్రలో) మరగాలి. పాన్‌లో కిలో నీళ్లు పోవాలంటే కిలో పైనే ఆవిరి కావాలి. ఎవాపరేటర్‌లో అదే కిలో ఆవిరి నాలుగు బాడీల్లో (వరసగా ఉన్న నాలుగు పాత్రల్లో) కలిపి నాలుగు కిలోలకు కాస్త తక్కువ నీళ్లు లాగేస్తుంది. అందుకే బ్రిక్స్ పడితే నాకు టెన్షన్.

కొత్తగా చేరిన ట్రైనీ అబ్బాయి చివరి బాడీ థర్మామీటర్ చూసి, "సార్, 60 డిగ్రీలు కూడా లేదు, రసం ఎలా మరుగుతోంది?" అన్నాడు. ఆ ప్రశ్న వింటే నాకు ఎంత సంతోషమో! వ్యాక్యూమ్ గేజ్ దగ్గరికి తీసుకెళ్లాను.

టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరి మొదటి బాడీకి మాత్రమే ఇస్తాం. అక్కడ రసంలోంచి లేచిన ఆవిరి రెండో బాడీ గొట్టాల చుట్టూ చేరి, నీరుగా మారుతూ తన వేడినంతా లోపలి రసానికి ఇచ్చేస్తుంది. 100 డిగ్రీల నీరు ఆవిరి కావడానికి కిలోకి దాదాపు 540 కిలో కేలరీలు తాగుతుంది కదా, అదే తిరిగి వస్తుంది. అయితే ఆ ఆవిరి వేడి మొదటిదానికన్నా తక్కువ. కాబట్టి రెండో బాడీలో రసం ఇంకా తక్కువ వేడికే మరగాలి, అంటే పీడనం తగ్గాలి. అలా తగ్గిస్తూ పోతే నాలుగో బాడీలో వ్యాక్యూమే. రసం చిక్కబడేకొద్దీ వేడి తగ్గడం వల్ల పంచదార మాడదు, రంగు చెడదు. బెల్లం పెనం మీద లేచే ఆవిరంతా గాలిలో కలిసిపోతుంది. ఇక్కడ ఆ ఆవిరే పొయ్యి.

ఈ పద్ధతికి 1840లలోనే పేటెంట్ పొందిన నార్బర్ట్ రిల్యూ గురించి కూడా చెప్పాను. 1806లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టాడు, తల్లి ఆఫ్రికన్ సంతతి మహిళ. చదువు పారిస్‌లో. అప్పట్లో లూసియానా తోటల్లో బానిసలు మరుగుతున్న రసాన్ని గరిటెలతో ఒక బాణలిలోంచి ఇంకో బాణలిలోకి తోడి పోసేవారు. చేతులు కాలిపోయేవి. ఆ పని ఈయన యంత్రం తప్పించింది. దాన్ని కొన్నదీ తోటల యజమానులే, బానిసత్వం మాత్రం 1865 దాకా పోలేదు. నేను చదువుకున్నప్పుడు ఈ పేరు ఎవరూ చెప్పలేదు. ప్రతి బాయిలింగ్ హౌస్ (మిల్లులో రసం మరిగించే విభాగం) గోడ మీదా ఆయన ఫొటో ఉండాలి.

మధ్యాహ్నం కండెన్సేట్‌కి, అంటే ఆవిరి మళ్లీ నీరుగా మారి వచ్చిన నీళ్లకి, పంచదార ఉందేమో చూసే ఆల్ఫా నాఫ్తాల్ టెస్ట్ చేశాం. ఊదారంగు వలయం రాలేదు, అంటే ఆవిరితో పంచదార కొట్టుకు రాలేదు. ఆ నీళ్లు ధైర్యంగా బాయిలర్‌కి పంపాం. అబ్బాయి చేతే చేయించాను, బాగా చేశాడు.

రేపు క్లీనింగ్‌కి ఒప్పించాను. గొట్టాల్లో కాస్టిక్ సోడా మరిగించి, తర్వాత బ్రష్ కొట్టాలి. క్రషింగ్ ఆగుతుందని మిల్లు వాళ్లు సణిగారు గానీ, స్కేల్‌తో నడిపితే బాయిలర్‌లో ఎక్కువగా కాలేది మన చెరకు పిప్పే. అది మిగిలితే కరెంటు అవుతుంది.